టిల్లరాయన, దర్జీ వియ్యంకుడు

ఆ పేటలో అందరూ ఆయన్ని టిల్లరాయన అనేవారు. అంతకుముందు ఇరవయ్యేళ్లు నూలు మిల్లు గేటు దగ్గర కాపలా ఉద్యోగం. బయటికి పోయే ప్రతి టిఫిను డబ్బా మూత తీయించి చూసిన కళ్లు ఆయనవి. మిల్లు మూతపడ్డాక చేత్తో తోలే చిన్న టిల్లరు కొనుక్కుని, ఇళ్ల పెరళ్లు దున్నిపెట్టడం మొదలెట్టాడు. పని మారింది గానీ చూపు మారలేదు. పాలు పలచగా ఉంటే పాలవాడి మీద, కళ్లజోడు కనబడకపోతే భార్య మీద అనుమానం. తీరా చూస్తే ఆ జోడు తన నెత్తి మీదే ఉండేది.

ఆ ఏడు కూతురి మామగారు వచ్చి దిగాడు. ఆయన దర్జీ. కంటికి ఆపరేషనయింది, ఆస్పత్రి దగ్గరని నెల రోజులు ఇక్కడే ఉండమన్నారు. మాట కూడా కొలిచి కత్తిరించినట్టు మాట్లాడే మనిషి.

ఆయన వచ్చిన వారానికి టిల్లరాయన షెడ్డులో ఒక సంగతి కనిపెట్టాడు. టిల్లరు స్పీడు లివరు నట్టు దగ్గర కొత్తగా నూనె తడి ఉంది. తాను వాడే నల్లటి నూనె కాదు, నీళ్లలా తేలికైనది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుట్టుమిషను నూనె!

పెట్రోలు చూశాడు. చుక్క తగ్గలేదు. తగ్గకపోవడంతో అనుమానం రెట్టింపయింది.

"బావగారు షెడ్డులోకి ఎందుకెళ్తున్నారంటావ్?" భార్యని గుసగుసగా అడిగాడు.

"వియ్యంకుడి మీద కూడానా? పరువు తీసేలా ఉన్నారు!"

మర్నాడే షెడ్డుకి తాళం పడింది. తాళంచెవి మొలతాడుకి చేరింది.

"తాళం వేశారేం బావగారూ?" అన్నాడు దర్జీ, టీ తాగుతూ.

"దొంగల భయమండీ."

"పట్టపగలా?"

"వాళ్లేమన్నా గడియారం చూసుకుని వస్తారా?"

దర్జీ టీ తాగడం ఆపి షెడ్డు వైపే చూశాడు. ఆ చూపు టిల్లరాయనకి కంట్లో నలుసయింది.

ఆ వారాంతంలో ఒక నర్సమ్మగారి పెరడు దున్నే పని. నేల గట్టిది, ఇటుక ముక్కలు కూడా ఉన్నాయి. అలాంటి చోట మొదటి వరస నిదానంగా నడపాలని ఆయనకి తెలుసు. లివరు తక్కువలో పెట్టి మొదలెట్టాడు. పది అడుగులు బాగానే సాగింది. అంతలో ఇంజను గొంతు మారింది. చెయ్యి పెట్టకుండానే లివరు అదురుతూ పైకి జరిగిపోతోంది. కత్తులకి ఇటుక తగిలింది. బండి ఒక్క గెంతు గెంతి ఆయన్ని గోడ వైపు ఈడ్చుకుపోయింది. మోకాళ్ల మీద పడ్డాడు. అయితే క్లచ్చి పిడిని ఎప్పుడూ వేళ్లతో పట్టుకోవడమే తప్ప తాడుతో కట్టేయడం ఆయనకి అలవాటు లేదు. చెయ్యి వదలగానే కత్తులు ఆగాయి, నీళ్ల గొట్టానికి జానెడు దూరంలో.

లేచి, గీరుకుపోయిన మోకాళ్లు దులుపుకున్నాడు. ఇంజను ఆపి, ప్లగ్గు వైరు పీకేశాడు. కత్తులు నేలకి తగలకుండా పిడి కిందికి నొక్కి, చక్రాల మీద నెట్టుకుంటూ ట్రాలీ దాకా తెచ్చాడు. చెక్క మీదుగా ఎక్కిస్తుంటే ఒకటే ఆలోచన: 'వియ్యంకుడే లివరు నట్టు విప్పేశాడు. కావాలనే.'

ఇంటికొచ్చీ రాగానే నిలదీశాడు.

"నా లివరు నట్టు ఎందుకు విప్పారండీ?"

దర్జీ ఆయన మోకాళ్ల మీది రక్తం చూసి లేచి నిలబడ్డాడు. "అయ్యో! విప్పలేదు బావగారూ, తుప్పు వదలడానికి మిషను నూనె చుక్క వేసి బిగించాను. రోజూ మీరు వక్కపొడి కొట్టుకి వెళ్లినప్పుడు బిగించేవాణ్ణి. అయినా నిలవడం లేదు. తాళం పడ్డాక అదీ కుదరలేదు. లోపల వాషరు అరిగిపోయింది."

"మరి నాతో చెప్పొచ్చుగా!"

"వచ్చిన రోజే చెప్పాను. మీరు బండి నడుపుతుంటే విన్నాను, స్పీడు దానంతటదే పెరుగుతోందన్నాను. 'మీకు తెలిసింది కుట్టుమిషను, ఇది వేరు' అన్నారు."

భార్య గుమ్మంలోంచి, "అన్నారు. నేనూ విన్నాను," అంది.

టిల్లరాయన నాలుక కరుచుకున్నాడు. ఇరవయ్యేళ్లు అందరి డబ్బాలూ వెతికిన మనిషికి, తన మాట తనకే గుర్తు లేదు.

సాయంత్రం ఇద్దరూ కొత్త వాషరు వేశారు. దర్జీకి చూపు ఇంకా మసకే. వేళ్లతో తడిమి నట్టు బిగించాడు. ఇంజను వేసి, కత్తులు తిరగనివ్వకుండా స్పీడు పెంచీ తగ్గించీ, పిడి ఊపీ చూశారు. లివరు పెట్టిన చోటే ఉంది. దర్జీ కళ్లు మూసుకుని విన్నాడు. "ఇప్పుడు కుట్టు సమంగా పడుతోంది," అన్నాడు.

మర్నాడు నర్సమ్మగారి పెరట్లో మిగతా సగం దున్నారు. దర్జీ దూరంగా కుర్చీ వేసుకుని, శబ్దం మారితే చెయ్యెత్తేవాడు. మొదటి రెండుసార్లు టిల్లరాయనకి నమ్మకం కుదరక, ఆపి తానే చూసుకున్నాడు. మూడోసారి చూడలేదు, చెయ్యి లేవగానే స్పీడు తగ్గించాడు.

నెల నిండింది. దర్జీ సంచి సర్దుకుంటుంటే టిల్లరాయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకో వారం ఉండకూడదా బావగారూ?"

దర్జీ సర్దడం ఆపి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఎందుకండీ? ఏం పాడు చేశారు?"


లోపలినుంచి భార్య నవ్వు వినబడింది.