ఎడమచేతి చాటున

కంప్యూటర్లో కొత్తగా ఎక్కించిన ప్రోగ్రామ్ పేరు కొడితే, ఆదేశాలు టైపు చేసే ఆ నల్లతెర, అదే టెర్మినల్, "అలాంటిదేదీ లేదు" అన్నప్పుడు మీరు కారణం వెతుకుతారా, భూతవైద్యుణ్ణి వెతుకుతారా?

హిందీవాళ్ల నడుమ ఉన్న మా బారిడీహ్ పేటలో కంప్యూటర్ మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఎడమచేత్తో తెర కప్పి, కుడిచేత్తో ఏదో కొట్టేవాడు. వెంటనే ప్రోగ్రామ్ పలికేది.

ఓసారి, మర్నాడు కంప్యూటర్ పరీక్ష ఉన్న మా మేనకోడలు అడిగింది. "ఏటి కొట్టారు సార్? రేపు నేనొక్కద్దాన్నే సేసుకోవాల."

"చల్ గయా నా? పని నడిచింది కదా, నీకెందుకమ్మా?"

పక్కనే ఉన్న నాకు అనుమానమొచ్చి ఆ చెయ్యి పక్కకు జరిపాను. అక్కడున్నది ఒక్కటే వరుస. ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉందో టెర్మినల్‌కు చెప్పే చిరునామా.

"ఇది తెలిసిపోతే నాకాడికి ఎవలొత్తారు బాబూ?" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకిప్పటికీ ఇష్టమే. పరీక్షలో మా పిల్ల మాత్రం ఆ వరుస తనే కొట్టుకుంది.

మీ తెరను కప్పిన చెయ్యి ఎవరిదైనా సరే, తీయించండి. ఆ వరుస మీరే చదవండి.