పెనిమిటి పేరు అడిగిన గడి

మొన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల వరుసలో నిలబడి ఉంటే, నా ముందున్న ఆమె కొంగులోంచి తడిపిన తునికాకు వాసన గుప్పుమని కొట్టింది. బీడీలు చుట్టేవాళ్ళ ఒంటిని ఆ వాసన సబ్బు పెట్టి తోమినా వదలదు. కౌంటర్ వెనక మనిషి కంప్యూటర్ మీదనుంచి చూపు తిప్పకుండానే "భర్త పేరు?" అన్నాడు. ఆమె తల వంచుకుంది. రెండోసారి ఇంకా గట్టిగా అడిగాడు. ఆమె పక్కకు చూసింది. నాకు రజియా ఆపా గుర్తొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఆ కోపం ఆపా నేర్పిందే. ఆమెను మీరెవరూ చూసి ఉండరు, అందుకే రాస్తున్నాను.

తొంభైల చివర సంగతి. కరీంనగర్‌లో బీడీ కార్మికులకు గుర్తింపు కార్డులు ఇచ్చే ఒక ఆఫీసులో నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. మాది లక్సెట్టిపేట. టెంపరరీ ఉద్యోగం, ఆర్నెల్లకోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ కార్డు ఉంటే బీడీ కార్మికుల దవాఖానాలో చూస్తారు, పిల్లల చదువుకు సాయం అందుతుంది. కార్డు మీద వివరం తప్పు పడిందా, గుమ్మంలోంచే వెనక్కి పంపుతారు. రజియా బేగం ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. యాభై దాటిన మనిషి. పొద్దున రాగానే బురఖా తీసి బీరువా పక్క మేకుకు తగిలించి, నోట్లో ఇంత వక్కపొడి వేసుకుని కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. చిన్నా పెద్దా అందరూ ఆపా, అంటే అక్కా, అనేవాళ్ళు. ఆమెకు కంప్యూటర్ రాదు. మౌసు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. "అది నీ పని, అడుగుడు నా పని" అనేది.

నాకప్పుడు కళ్ళు నెత్తిమీద ఉండేవి. స్ప్రెడ్‌షీట్‌లో సొంతంగా ఒక ఫారం తయారుచేశాను. ముందు షీటులో గళ్ళు నింపి బటన్ నొక్కితే, వెనక షీటులో ఆ వివరాలన్నీ ఒక వరుసలో వెళ్ళి కూర్చుంటాయి. ఏ గడీ ఖాళీగా వదలడానికి వీల్లేదు, వదిలితే ఎర్రటి హెచ్చరిక వస్తుంది. గళ్ళ పేర్లన్నీ ఇంగ్లీషులో. ఆఫీసరు చూసి భేష్ అన్నాడు. ఆపాను పిలిచి చూపించాను. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూసింది.

"గిది ఎవరి కోసం చేసినవ్ స్వరూపా?"

"సారు కోసం ఆపా."

"సారు వచ్చి నింపుతడా?"

"లేదు, ఆడవాళ్ళు చెప్తే నేను నింపుత."

"అయితే గా ఆడోళ్ళను ఒక్కసారన్న అడిగినవా, గీ గళ్ళల్ల వాళ్ళ ముచ్చట ఇముడుతదా లేదా అని?"

కంప్యూటర్ తెలియని మనిషికి ఇంతకంటే ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అంతటితో ఊరుకోక, ఆ మాట నా పక్క సీటామెతో అని నవ్వాను కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

వేములవాడ దారిలోని ఊళ్ళవాళ్ళు రోజుకో ఊరి చొప్పున బస్సెక్కి వచ్చేవారు. ఒక్కొక్కరే నా ఎదురుగా కూర్చునేవారు. ఊరు చెప్పేవారు, వయసు ఉజ్జాయింపుగా చెప్పేవారు. పెనిమిటి పేరు దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయేది. కొందరు నవ్వేవారు, కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు, కొందరు నేల చూపులు చూసేవారు. మొగుడి పేరు నోటితో అనరు, మా దిక్కు అది తరతరాల పద్ధతి. నాకది తెలియక కాదు, ఓపిక లేక. వెనక వరుస తలుపు దాటి బయటికి పెరుగుతోంది. గడి ఖాళీగా ఉంటే నా ఫారం కదలదు. అందుకని ఇంగ్లీషులో "లేదు" అని కొట్టి ముందుకు పోయాను. పేరు చెప్పలేదని నా ఉద్దేశం. అయితే ఆ గడిలో "లేదు" అని ఉంటే చివరి జాబితాలో "వితంతువు" అని దానంతటదే పడేట్టు సూత్రం రాసిపెట్టింది కూడా నేనే. నిజంగా భర్త పోయినవాళ్ళకీ అదే మాట కొట్టాను. నాలుగు ఊళ్ళు అయిపోయాయి.

తప్పొప్పులు చూసుకోమని ఆ జాబితా పంచాయితీ గోడలకు అంటించారు. రెండోనాడు మధ్యాహ్నం ఒక ఆమె నేరుగా నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. పేరు లచ్చవ్వ. ఇంగ్లీషు వచ్చిన పిల్లెవరో గోడ మీది అక్షరాలు ఆమెకు చదివి వినిపించిందట.

"నువ్వేనా రాసింది?" అంది. నేను అవునన్నాను. మెడలోంచి పుస్తెలు బయటికి తీసి నా మొహం ముందు పట్టుకుంది. "మరి గివేంది? నా మొగడు బయట సైకిల్ పట్టుకొని నిలవడ్డడు. గా యముడు కూడ ఇంక రాలే, నువ్వెట్ల తెంపినవే నా పుస్తెలు నీ మిషిన్ల? ఊరంత నన్ను ముండమోపి అని చదివిరి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆపా లేచి వచ్చింది. నన్ను ఓదారుస్తుందనుకున్నాను.

"ఏడుసుడు తర్వాత. ముందుగాల లేసి ఆమెకు కుర్సీ ఎయ్యి" అంది.

వేశాను. లచ్చవ్వ కూర్చోలేదు.

ఆఫీసరుకు ఇదంతా పెద్ద విషయంగా కనిపించలేదు. "వచ్చినోళ్ళయి పెన్నుతోని దిద్దుండ్రి మేడం, రానోళ్ళయి పోనియ్యుండ్రి. సోమవారం పొద్దుగాల లిస్టు హైదరాబాదుల ఉండాలె" అన్నాడు. రానివాళ్ళలో ఎవరికి భర్త ఉన్నాడో, ఎవరికి లేడో నాకే తెలియదు. ఇద్దరికీ ఒకే మాట కొట్టాను కదా. "లేదు" పడిన ప్రతి మనిషినీ మళ్ళీ అడిగితే తప్ప తేలదు.

"గిట్ల పంపితే దవాఖానల సగం మందిని ఎల్లగొడ్తరు సార్" అంది ఆపా.

"అప్పుడు సూద్దాం."

"నా దస్కత్ లేకుంట లిస్టు పోదు గద?"

"పోదు."

"అయితే పోదు."

అంతే. సంతకం పెట్టనంది, గొంతు కూడా పెంచలేదు. వెనక్కి వచ్చి వక్కపొడి డబ్బా తీసింది. ఆఫీసరు నన్ను పిలిచి, నా పొడిగింపు కాగితం వచ్చే నెల తన బల్ల మీదికే వస్తుందని గుర్తుచేశాడు. ఆ మాట ఆపాకు చెప్తే, "వస్తది. నువ్వు శనారం ఇంటికి పోతున్నవ్ గద, మీ అవ్వను మీ బాపు పేరు అడిగి రా" అంది. ఇంత పరేషాన్‌లో ఇదేం వేళాకోళం అని మండిపడ్డాను, కానీ అడిగాను.

మా దిక్కు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వ పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. "నీకు పిస లేసిందా? మీ బాపు పేరు నీకు తెల్వదా?" అంది. నువ్వు చెప్పు అని పట్టుబట్టాను. వాకిట్లో మంచం మీద ఉన్న బాపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఏములాడల దేవుడు ఎవ్వలు? గాయిన పేరే" అంది. బాపు పేరు రాజేశం, వేములవాడ దేవుడి పేరే. ఆయన మంచం మీదనుంచే, "ముప్పై ఏండ్ల సంది గా దేవుణ్ణి అడ్డం పెట్టుకొనే నన్ను పిలుస్తుంది" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. పుట్టి బుద్ధెరిగాక అవ్వ నోట ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదని అప్పుడు తట్టింది. మా అవ్వే వచ్చి నా ఎదురుగా కూర్చుని ఉంటే, వాకిట్లో నవ్వుతున్న మా బాపును నేను ఒక్క మీట నొక్కి చంపేసి ఉండేదాన్ని.

సోమవారం లిస్టు పోలేదు. ఫారం కొత్తగా కట్టాను. ఆపా పక్కన కూర్చుని అడుగుతూ పోయింది, నేను మారుస్తూ పోయాను. తెలుగు అక్షరాలు ఆ గళ్ళలో సరిగ్గా నిలిచేవి కావు కాబట్టి, మన మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో రాశాను. ముందు ఊరు, అదీ జాబితాలోంచి ఎంచుకోవడమే. తర్వాత పిల్లల పేర్లు, ఎందుకంటే పిల్లల గురించి అడిగితే ఏ తల్లికైనా నోరు పెగులుతుంది. ఆ తర్వాత వాళ్ళ నాన్న పేరు. పక్కనే ఇంకో గడి, ఆ పేరు ఎవరు చెప్పారని. చుట్టమో పొరుగామో చెప్పినా చాలు. ఆయన ఉన్నాడా లేడా అన్నది విడిగా అడగాలి, పేరును బట్టి లెక్కగట్టకూడదు. చెప్పకపోతే గడి పసుపు రంగులో కనిపిస్తుంది, పని మాత్రం ఆగదు.

"ఖాళీ ఉంటే మల్లొక్కసారి అడుగుదాం. మనమే కత కట్టుడు మాత్రం వద్దు" అంది ఆపా.

మర్నాటి నుంచి ఇద్దరం బస్సెక్కి ఊళ్ళు తిరిగాం. అరుగుల మీద ఒళ్ళో చేటలు పెట్టుకుని ఆడవాళ్ళు చేయి ఆపకుండా బీడీలు చుడుతూనే జవాబు చెప్పారు. ఒకామె ఆగితే పక్కామె "మల్లేశం అని రాయి, ఆమె అనది" అని అందుకునేది, అందరూ నవ్వేవారు. నిజంగా భర్త పోయినవాళ్ళు మాత్రం ఆ నవ్వుల్లో కలిసేవారు కాదు. వాళ్ళను ఆపా పక్కకు తీసుకెళ్ళి తనే మెల్లగా అడిగేది. లచ్చవ్వ ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె నాతో మాట్లాడలేదు. ఆమె పెనిమిటి లోపల్నుంచి వచ్చి, "నేనున్న అని రాయి బిడ్డా, జర పెద్దగ రాయి" అన్నాడు. లచ్చవ్వ అటు తిరిగి నవ్వడం నేను చూశాను. ఆ పూట నాకు అన్నం సహించింది.

లిస్టు ఎనిమిది రోజులు ఆలస్యంగా పోయింది. కార్డులు సరిగ్గా వచ్చాయి. ఆలస్యానికి ఆపాకు మెమో వచ్చింది, వెనకాలే చెన్నూరుకు బదిలీ. నా పొడిగింపు కాగితం మీద సంతకం పడలేదు. బస్టాండులో ఆమె పెట్టె మోసుకొచ్చి, "నా వల్లనే గద ఆపా" అన్నాను.

"నీ వల్లనే. దిద్దింది కూడ నువ్వే. చెన్నూర్ల బీడీలు చుట్టెటోళ్ళు లేరనుకున్నవా? నన్ను పంపి సారు అక్కడి ఆఫీసును పరేషాన్ జేసిండు" అని నవ్వుతూ బస్సెక్కింది. మళ్ళీ కలవలేదు. కొన్నేళ్ళకు ఆమె పోయిందని ఎవరో చెప్పారు.

తర్వాత నేను చాలా చోట్ల పనిచేశాను, చాలా ఫారాలు కట్టాను. ప్రతిదాన్నీ ముందు అది నింపాల్సినవాళ్ళ దగ్గరికి తీసుకుపోతాను. వాళ్ళు తడబడితే తప్పు నాదని ఒప్పుకుంటాను. ఒప్పుకోని అధికారులతో పోట్లాడతాను. అట్లా ఇంకో రెండు ఉద్యోగాలు పోయాయి. నీ మొండితనంతో బాగుపడింది లేదని ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఉద్యోగాలు పోతే ఇంకోటి వెతుక్కున్నాను, వెతుక్కుంటాను కూడా. బతికున్న మొగుణ్ణి బయట నిలబెట్టి, పుస్తెలు చేత పట్టుకుని ఒక ఆడమనిషి నా బల్ల ముందుకు రావడం మాత్రం మళ్ళీ జరగలేదు, జరగనివ్వను.