బూడిద రంగు గడి

ఆకుపచ్చ రంగంటే నాకు అసహ్యం. ఆ రంగు చీర కొనను, ఆ రంగు గాజులు వేసుకోను. ఎవరైనా ఊసుపోక వరిచేలు చూపించి "ఆహా, ఎంత పచ్చగా ఉందో" అంటే ఒళ్ళు మండుతుంది. దీనికంతటికీ కారణం విజయనగరంలో ఒక బట్టల కొట్టు పైన, తొమ్మిదిమంది పనిచేసే ఆఫీసులో, గోడకు తగిలించిన పెద్ద టీవీ.

ఆ తొమ్మిదిమందిలో నేనొకదాన్ని. మా కంపెనీ ఏం చేసేదో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా సారైతే గంట చెప్పేవాడు. కిడ్నీలు పోయినవాళ్ళకు రక్తం శుభ్రం చేసే డయాలసిస్ సెంటర్లు మా రెండు జిల్లాల్లో కొన్ని ఉండేవి. ఎవరు ఏ రోజు, ఎన్ని గంటలకు రావాలో ఆ వరసంతా మేం కంప్యూటర్లో పెట్టి, ముందురోజు సాయంత్రం ఆరింటికి రోగి ఫోనుకు మెసేజ్ పంపించేవాళ్ళం. ఆ వరస దాచిన డేటాబేస్ మా దగ్గర ఉండేది కాదు. ముంబైలో ఎవరివో మెషీన్ల మీద అద్దెకు ఉండేది. దాన్నే క్లౌడ్ అంటారు. ఆ మాట పలికినప్పుడల్లా మా సారు చూపుడువేలు పైకెత్తేవాడు. వచ్చినవాళ్ళు కూడా తలెత్తి సీలింగు ఫ్యాను వైపు భక్తిగా చూసేవారు. ఏడ్చినట్టుంది అనుకునేదాన్ని.

అంత దూరాన ఉన్నదాన్ని ఎవరూ వెళ్ళి చూడలేరు కాబట్టి అలారాలు పెట్టాలి. అది నా పని. డేటాబేస్ ఐదేసి నిమిషాలకోసారి తన సంగతి అంకెల్లో పంపుతుంది. ఎంత చోటు మిగిలింది, ఎంత పని మీద పడింది, ఎన్ని మెసేజులు వెళ్ళాయి, ఇలాంటివి. ఒక్కో సంగతికీ టీవీలో ఒక్కో గడి. అంకె హద్దులో ఉంటే ఆకుపచ్చ. హద్దు దాటితే ఎరుపు, దాంతోపాటు నా ఫోను మోగుతుంది. అసలు అంకే రాకపోతే గడి బూడిద రంగుకు తిరుగుతుంది, అప్పుడు కూడా ఫోను మోగుతుంది. ఆ బూడిద రంగు దగ్గరే వచ్చింది గొడవంతా.

మాది సముద్రం మీద బతికే ఇల్లు. శ్రీకూర్మం దాటి ఇంకా ముందుకు వెళ్తే, ఒడ్డున మా ఊరు. చిన్నాన్న వేటకెళ్ళేవాడు, పిన్ని చేపలు అమ్మేది. పిల్లల్లేని వాళ్ళకు నేనే పిల్లను. ఎచ్చెర్ల హాస్టల్లో ఉంచి ఇంజనీరింగ్ చదివించింది వాళ్ళే.

ఊళ్ళోకి చిన్న ఫోన్లు వచ్చిన కొత్తలో ఒక పద్ధతి పుట్టింది. బోటు ఒడ్డుకు దగ్గరై సిగ్నల్ తగలగానే చిన్నాన్న పిన్నికి మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఒక్క రింగు. ఎత్తకూడదు. రింగు వస్తే పిన్ని నెత్తిమీద తట్ట పెట్టుకుని బయల్దేరేది. రావాల్సిన వేళకు రింగు రాకపోతే, తట్ట వదిలేసి ఒట్టి చేతులతో ఒడ్డుకు పరిగెత్తేది. అప్పటికే అక్కడ ఇంకో నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉండేవారు. "బాగానే ఉండుంటార్లే" అని ఇంట్లో కూర్చున్న మనిషిని మా ఊళ్ళో నేను చూడలేదు. ఫోను మోగకపోతే వెళ్ళి చూడాలి. అందులో అంతకుమించి శాస్త్రమేమీ లేదు. నాలుగేళ్ళు చదివి నేను మరిచిపోయింది సరిగ్గా ఆ ముక్కే.

తర్వాత చిన్నాన్న కాళ్ళు వాచాయి, మొహం ఉబ్బింది, కిడ్నీలు పోయాయన్నారు. వేట మానేశాడు. సోమవారం, గురువారం బస్సెక్కి డయాలసిస్‌కు వెళ్ళేవాడు. ఆ సెంటరు కూడా మా కంపెనీ వరసలోదే. ఒకసారి మెసేజ్ రాకుండానే వెళ్తే మెషీను రిపేరని వెనక్కి పంపేశారు. అంత దూరం ఊరికే తిరిగాక, మెసేజ్ వస్తేనే గడప దాటేవాడు. ఆయనకు చదవడం రాదు. ఫోను టింగుమంటే పక్కింటాయనకు చూపించేవాడు. పక్క మంచాల వాళ్ళ దగ్గర మాత్రం ఒకటే గొప్పలు. "ఈ మెసేజిలన్నీ మా పిల్లే పంపుతాది. ఇజీనగరంలో కూకుని మనందర్నీ సూస్తాది" అనేవాడట. పిన్ని ఈ సంగతి చెప్తే నేను పొంగిపోయేదాన్ని. బోడి పొంగు.

అలా ఉండగా మా సారుకు కబురొచ్చింది. ఇంకొన్ని సెంటర్ల పని చేతికి రావాలంటే ఎవరి దయ ఉండాలో, ఆ అధికారులు మా ఆఫీసు చూడ్డానికి వస్తున్నారట. ఇక చూడాలి ఆయన హడావిడి! పూలగుత్తులు, శాలువాలు, పలాస జీడిపప్పు. గోడలకు రంగులు. ముందురోజు మధ్యాహ్నం నడుం మీద చేతులు పెట్టుకుని టీవీ ముందు నిలబడ్డాడు.

"ఇదేంటమ్మా, ఈ ఒక్కటీ ఇలా బూడిదలా ఉంది?"

మెసేజులు పంపే ప్రోగ్రాము ఖాళీగా ఉన్నప్పుడు అంకె పంపడం మానేస్తోందని, సరిచేయడానికి రెండ్రోజులు పడుతుందని చెప్పాను.

"రేపటికి ఉండకూడదు. చావుకళగా ఉంది. పచ్చగా చేసెయ్."

"అలా చేస్తే అది నిజంగా చచ్చినా మనకు తెలీదు సార్."

"ఏమీ చెప్పలేదంటే బాగానే ఉందనే కదా అర్థం? ఇంట్లో మా ఆవిడ నోరెత్తకపోతే నేను బాగానే ఉందనుకోనా?"

ఆఫీసంతా పగలబడి నవ్వింది. జీతం ఇచ్చేవాడు జోకేస్తే నవ్వే సన్నాసులు. నేనూ నవ్వాను. ఆ సంగతి దాచుకుని మిగతావాళ్ళను తిట్టడం నాకు చేతకాదు.

అంకె రాకపోతే ఏమనుకోవాలో ప్రతి అలారానికీ ఒక సెట్టింగ్ ఉంటుంది. ప్రమాదమనుకో అని పెట్టొచ్చు, తెలియదనుకో అని పెట్టొచ్చు, బాగుందనుకో అని కూడా పెట్టొచ్చు. ఒక్క గడికే చేస్తే రేపు ఇంకోటి బూడిదైపోతుందని, అన్నిటికీ బాగుందనుకో అనే పెట్టమన్నాడు. పెట్టాను. టీ చల్లారేలోపు అయిపోయింది.

మర్నాడు ముగ్గురు అధికారులు వచ్చారు. పెద్దాయన టీవీ చూసి, "అన్నీ గ్రీనే ఉన్నాయే" అన్నాడు. "మన దగ్గర రెడ్ అనేదే ఉండదు సార్" అన్నాడు మా సారు. పెద్దాయన గంగిరెద్దులా తలూపాడు. మిగతా ఇద్దరూ ఆయన్ని చూసి ఊపారు. డేటాబేస్ అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు. శాలువాలు కప్పించుకుని, జీడిపప్పు పొట్లాలు పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

పాత సెట్టింగ్ మళ్ళీ పెట్టేస్తానన్నాను. "ఎందుకమ్మా, కళకళలాడుతుంటే! ఉండనీ" అన్నాడు. ఉండనిచ్చాను. సారును తిట్టడం నాకు సులువే కానీ, నిజం ఇంకోటుంది. ఆ సెట్టింగ్ పెట్టాక నా ఫోను మోగడం తగ్గింది. హాయిగా తిన్నాను, పడుకున్నాను. ఆ హాయి పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేకపోయింది.

మూడు నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున్న ఆఫీసులో కూర్చుని ఇడ్లీ తింటున్నాను. పిన్ని ఫోను.

"ఏటే, మీ సిన్నాన్నకి మెసేజి రానేదు. నిన్న సందేల నుంచి సూస్తన్నాం. ఎల్లిపోమంటావేటి?"

నేను తలెత్తి టీవీ చూశాను. అన్నీ ఆకుపచ్చ.

"ఇక్కడంతా బాగానే ఉంది పిన్నీ. అక్కడ మెషీను రిపేరై ఉంటుంది, అందుకే పంపలేదు. ఆగండి, వస్తుంది."

"నాకేటో మనసొప్పనేదు. ఒకపాలి ఎల్లి సూసొస్తే పోద్ది గదా?"

"ఈ పని చేసేది నువ్వా నేనా పిన్నీ?" అన్నాను.

సరిగ్గా ఈ మాటే, కసిరినట్టు. చేపల తట్ట మోసి నన్ను చదివించిన మనిషితో, నోట్లో ఇడ్లీ పెట్టుకుని. పిన్ని "సర్లే" అని పెట్టేసింది.

సాయంత్రం నాలుగింటికి పక్కింటాయన చేశాడు. చిన్నాన్నకు ఊపిరి అందడం లేదు, ఆటోలో వేసి తీసుకెళ్తున్నారు. కంప్యూటర్లో చిన్నాన్న పేరు వెతకబోయాను. పేజీ తెరుచుకోలేదు. ఇంకోసారి నొక్కాను. తెరుచుకోలేదు. డేటాబేస్ శనివారం మధ్యాహ్నమే బిగుసుకుపోయింది. అప్పట్నుంచీ ఒక్క అంకె పంపలేదు, ఒక్క మెసేజ్ వెళ్ళలేదు. సెంటర్ల వాళ్ళు ఇంటర్నెట్ పోయిందేమో అనుకుని నోటుపుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నారు. ఆ పొద్దున్న చిన్నాన్న మెషీను ఖాళీగానే ఉందట. వెళ్ళుంటే అయిపోయేది. నా నెత్తిమీద టీవీ మాత్రం కళకళలాడుతూనే ఉంది.

చిన్నాన్న బతికాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని, ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే దక్కేవాడు కాడని డాక్టరు పిన్నికి చెప్పాడు. నా మొహం చూసి చెప్పలేదు, ఆ మాత్రం అదృష్టం.

మర్నాడు మా సారు కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. సెంటరు వాళ్ళు రాతపూర్వకంగా కారణం అడిగారట. రోగి ఊళ్ళో సిగ్నల్ లేకపోవడం వల్ల మెసేజ్ అందలేదని ఇంగ్లీషులో ముచ్చటగా రాసి ఉంది. కింద అలారాలు చూసే ఉద్యోగి సంతకానికి గీత.

"ఆ రోగి మా చిన్నాన్న సార్" అన్నాను.

ఆయన మొహం వికసించింది. "అలాగా! ఇంకా మంచిదయింది. మన మనుషులే కాబట్టి గొడవ పెట్టుకోరు."

ఛీ. ఇంత నీచుడు ఉంటాడా అనుకున్నాను. అనుకుంటూనే సంతకం పెట్టాను. ఉద్యోగం పోతే మందులు ఎవరు కొంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన నీచత్వానికి కనీసం ఇలాంటి సాకులు లేవు.

ఆ బుధవారం ఊరికి వెళ్ళాను. చిన్నాన్న మంచం మీద ఆనుకుని కూర్చుని, నన్ను చూడగానే ఫోను చేతికిచ్చాడు.

"ఒకపాలి సూడమ్మా. నువ్వు పంపే ఉంటావు. నాకు సదువు రాదు గదా, ఏ మీట నొక్కేసినానో, పోనాదేమో."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను ఫోను తిప్పి తిప్పి చూసి, "సిగ్నల్ లేక అందలేదేమో చిన్నాన్నా" అన్నాను. సంతకం పెట్టిన అబద్ధం నోటికి ఎంత సులువుగా వచ్చిందో!

పిన్ని గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది.

"అంతా బాగానే ఉన్నాదన్నావు. నీకెవులు సెప్పినారే?"

"ఎవరూ ఏమీ చెప్పలేదు పిన్నీ."

"ఎవులూ సెప్పకపోతే ఎల్లి సూడాల గదే" అంది. నన్ను తిట్టలేదు. లేచి చేపలు కడగడానికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి మొదటి పని అన్ని గడుల సెట్టింగ్ మార్చాను. అంకె రాకపోతే ఎరుపు, అంతే. రోజుకు రెండుసార్లు టీవీ ఎర్రబడేది. మా సారు గింజుకున్నాడు. మళ్ళీ పచ్చ చేయమంటే మానేస్తానన్నాను. అలారాలు పెట్టడం ఇంకెవరికీ రాదు కాబట్టి నోరు మూసుకున్నాడు. నేనేదో పెద్ద ఘనకార్యం చేసినట్టు తలెత్తుకు తిరిగాను కూడా.

ఒకరోజు సాయంత్రం ఊరికే పిన్నికి ఫోను చేసి, చిన్నాన్నకు ఇమ్మన్నాను.

"ఇంట్లో నేడు. షెల్టరెక్కినాడు."

ఒడ్డున ఉండే తుఫాను షెల్టరు. రెండంతస్తుల ఎత్తు, పైకి మెట్లు.

"ఎందుకు?"

"ఎందుకేటే? ఇంట్లో సిగ్నల్ నేదని నువ్వే గదా సెప్పినావు. ఆదారం, బుదారం సందేలయితే మెట్లెక్కి కూకుంటన్నాడు. ఆ కాళ్ళతోటి. వద్దంటే ఇనడు."

తర్వాత బుధవారం సెలవు పెట్టి బస్సెక్కాను. షెల్టరు దగ్గరికి చేరేసరికి ఆరు కావస్తోంది. చిన్నాన్న పైన పిట్టగోడకు ఆనుకుని, ఫోను నెత్తికంటే ఎత్తుగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి. నన్ను చూసి నవ్వాడు.

"ఇక్కడైతే బాగా అందుతాదమ్మా. మళ్ళీ నీకు మాట రానివ్వను."

ఇక దాచడం నావల్ల కాలేదు. "సిగ్నల్ ఎప్పుడూ ఉంది చిన్నాన్నా. ఆ రోజు మేం పంపనే లేదు. మెషీను ఆగిపోతే నాకు తెలీకుండా నేనే చేసుకున్నాను. నీ ఫోనుకు అందలేదని కాగితం మీద సంతకం కూడా పెట్టాను" అన్నాను.

ఆయన చెయ్యి దించాడు. అప్పుడే ఫోను టింగుమంది. గురువారం మెసేజ్. దాని వైపు చూడలేదు.

"ఆ ముక్క ఆ రోజే సెప్పొచ్చు గదమ్మా" అన్నాడు. "మెట్లెక్కలేక సచ్చిపోతన్నాను."

దిగేటప్పుడు నా భుజం ముందుకు పెట్టాను. ఆయన గోడ పట్టుకుని దిగాడు.