పెరటి దారిన వచ్చిన నిప్పు

నంద్యాలలో నేనుండే అపార్టుమెంటు వెనక ఒక బియ్యం మిల్లు ఉంది. చలికాలం తెల్లవారుతుండగా అక్కడ పనిచేసేవాళ్ళు ఊక కుప్పకు ఒక మూల నిప్పు పెట్టి చేతులు కాచుకుంటారు. ఆ పొగ మెల్లగా పైకి ఎక్కి, కిటికీ తెర దాటి, నా చదువుగదిలోకి వచ్చి, రిటైరై వచ్చినప్పటి నుంచీ విప్పని అట్టపెట్టెల మీద, హీబ్రూ నిఘంటువుల మీద కాసేపు కూర్చుని పోతుంది. పక్కింటివాళ్ళు విసుక్కుంటూ కిటికీలు మూసుకుంటారు, నేను మాత్రం ఇంకొంచెం తెరుస్తాను. ఎందుకంటే ఆ ఊక పొగ వెనకాలే నాకు మిల్లుకు సంబంధం లేని ఇంకో వాసన వస్తుంది. మట్టికుండలో రాత్రంతా మగ్గిన ఉలవలు, పొట్టేలు బొమికలు, ఎండుమిరపకాయలు, పొట్టు తీయని వెల్లుల్లి గడ్డలు, వీటన్నిటి వాసన. మా ఇంట్లో అది ఆదివారం వాసన. ఉద్యోగమంతా యూదుల చరిత్ర పాఠం చెప్పి, అదే రాసి బతికినదాన్ని నేను. ఏవో గొప్ప పుస్తకాలు చదివి ఆ దారి పట్టానని అందరూ అనుకుంటారు గాని, నన్ను ఆ దారి పట్టించింది ఈ కుండ.

మాది ఆళ్ళగడ్డ. మట్టి మిద్దె, బేతంచెర్ల బండలు పరిచిన నేల, వెనక పెరడు, పెరటి చివర పనికిరాని బండముక్కలు పేర్చిన నడుమెత్తు గోడ, గోడకు ఆవల నాగమ్మత్త వాళ్ళిల్లు. వాళ్ళు తరాలుగా సేద్యం చేసుకుంటున్న ఇంటివాళ్ళు. మేము క్రైస్తవులం, తాత తరం నుంచి పంతుళ్ళం. తాత చిన్నప్పుడు నంద్యాలలో ఒక బోర్డింగు బడిలో చదువుకున్నాడు, అక్కడి దొరసాని దగ్గర ఇంగ్లీషుతో పాటు ఆదివారాన్ని కూడా నేర్చుకుని వచ్చాడు. దొరసాని ఏనాడో ఓడెక్కి వెళ్ళిపోయినా, చర్చిలో మిగతావాళ్ళంతా ఆరాధన కాగానే ఇంటికి పోయి శుభ్రంగా వండుకు తింటున్నా, మా ఇంట్లో మాత్రం ఆ రోజు పొయ్యి వెలిగేది కాదు, చీపురు లేచేది కాదు, అంగడికి పోయి అగ్గిపెట్టె తెచ్చినా తప్పే. నేలమీద సుద్దముక్కతో గీసుకున్న బారాకట్ట గళ్ళు కూడా శనివారం సాయంత్రమే తుడిచేయాలి. ఆదివారం మాకు అనుమతించిన ఒకే ఒక ఆట కంఠత వాక్యాలు అప్పజెప్పడం. అది ఆట అని తాత నమ్మకం, మేము ఆయన్ను నొప్పించలేదు.

అందుకని శనివారం పొద్దు వాలే వేళ మా పెరడంతా హడావుడిగా ఉండేది. అవ్వ గోడవారన తవ్విన గుంటలో పిడకలు రాజేసి, అవి కణకణమన్నాక వాటి మీద ఊక పోసి, ఆ ఊకలోకి మెడదాకా కుండ దించి, మూకుడు మూసి, అంచుల చుట్టూ పిండి మెత్తి, పైన మళ్ళీ ఊక కప్పి, ఆపైన ఒక బండ పెట్టి, చేతులు దులుపుకుని ‘ఇంగ దేవుడే వండుకుంటాడు’ అనేది. అమ్మ ఒక పక్క కూర్చుని జొన్నరొట్టెలు చేసి, సెగకు నిలబెట్టి, అప్పడంలా విరిగేదాకా ఎండబెట్టేది. మరునాడు చర్చి నుంచి వచ్చేసరికి ఎండకు మాడిన అరికాళ్ళతో, ఆకలితో, మేము సరాసరి పెరట్లోకే పరిగెత్తేవాళ్ళం. పిండి పగలగొట్టి మూకుడు తీయగానే లేచే ఆవిరికి కళ్ళు మూసుకుని ముఖాలు అడ్డం పెట్టేవాళ్ళం. ఉలవలు వేలితో నొక్కితే వెన్నలా కరిగేవి, బొమికల్లోంచి మూలుగ దానంతటదే జారేది, పులుసులో విరిచి వేసిన రొట్టె నానీ నానకుండా ఉండేది. ఎన్నో దేశాల్లో ఎంతోమంది పెట్టిన భోజనాలు తిన్నాను గాని నా నాలుక ఇప్పటికీ ఆ గుంట దగ్గరే ఉంది.

కుండ సంగతి సరే, పాల సంగతి వేరు. రాత్రి కాచిన పాలు పొద్దునకు విరగకుండా ఉండాలన్నా, పసిపిల్లలకు గోరువెచ్చగా పట్టాలన్నా, తాతకే దగ్గు వచ్చి వేడినీళ్ళు కావాలన్నా నిప్పు కావాలి. మనం చేయకూడదు, మన పనివాళ్ళ చేత చేయించకూడదు, మన వాకిట్లో ఉన్న పరాయివాళ్ళ చేత కూడా చేయించకూడదని తాత ఆజ్ఞలు చదివి వినిపించేవాడు. అవ్వ అంతా విని, నాగమ్మ మన పనిమనిషి కాదు, మన వాకిట్లో లేదు, తన వాకిట్లో తానుంది అని తేల్చింది. అయితే చెయ్యమని అడగకూడదు గదా. అవ్వ అడిగేది కాదు. గోడ దగ్గర నిలబడి, మా కోడిపెట్టకు చెబుతున్నట్టు, ‘పాలు మంచులాగుండాయి’ అనేది. కొంచెంసేపటికి నాగమ్మత్త రెండు మూకుళ్ళ మధ్య నిప్పులు పెట్టుకుని వచ్చి, మా పొయ్యి అంటించి, పాలు కాచి, చెంబుడు నీళ్ళు కూడా కాచి పెట్టి పోయేది. తాత ఆ సమయానికి సరిగ్గా వసారాలో ప్రార్థనకు కూర్చునేవాడు. ఆయనకు ఏమీ తెలియదని మేమంతా, మాకు తెలియదని ఆయన, ఏళ్ళ తరబడి చక్కగా నడిపించుకున్నాం.

నాగమ్మత్త మా పొయ్యి ముట్టుకునేది గాని, చాలా కాలం మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టేది కాదు. క్రిస్మస్‌కు అవ్వ ఆమెకు కజ్జికాయలు పంపేది కాదు, బియ్యమూ బెల్లమూ చేటలో పెట్టి గోడమీద ఉంచేది. ఉగాదికి ఆమె భక్ష్యాలు పంపితే మేము నెయ్యి వేసుకుని తినేవాళ్ళం. ఆ తేడా అందరికీ తెలుసు, ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. నాకు మాత్రం అది లోపల ఎక్కడో గుచ్చుకునేది.

ఇక యూదుల విషయం. ఆదివారపు బడిలో గోడకు వేలాడదీసిన రంగు పటాల్లో గడ్డాలతో, పొడుగు అంగీలతో ఉండేవాళ్ళే మాకు తెలిసిన యూదులు. మా వీధిలో సగంమంది పేర్లు వాళ్ళవే, నా పేరూ ఎస్తేరే. అయినా వాళ్ళు గ్రంథంలో పుట్టి గ్రంథంలోనే అయిపోయినవాళ్ళని మా అందరి నమ్మకం. పటం చుట్టేస్తే వాళ్ళూ లోపలికి పోయేవాళ్ళు.

ఆ ఏడు వానలు ముందుగా పట్టుకున్నాయి. మా మిద్దె మీది నీళ్ళు గొట్టంలోంచి పెరట్లో పడి, గోడ బండల సందుల్లోంచి ఆవలికి పారి, నాగమ్మత్త భర్త వేసుకున్న జొన్నచొప్ప వామిని తడిపేశాయి. శనివారం ఆయన గోడ దగ్గరికి వచ్చి తాతను కేకేశాడు.

‘మీ మిద్దె నీళ్ళు నా వామి మీదికేనా అయివారూ? ఎద్దులకు ఏం పెట్టల్ల నేను? గొట్టం యాడికన్నా తిప్పుకోండి.’

‘మా నాయన కట్టిన మిద్దె ఇది. నీళ్ళు ఎప్పట్నుంచో ఆడికే పోతాండాయి. వామి నువ్వు జరుపుకో’ అన్నాడు తాత.

మాట మాటా పెరిగింది. చివరికి ఆయన ఇంట్లోకి తిరిగి, మాకూ వినబడేలా పెళ్ళానికి చెప్పాడు. ‘ఇంగ వాళ్ళ గడప తొక్కినావంటే సూడు.’

ఆ రాత్రి వాన ఆగలేదు. పొద్దున చూస్తే పెరటి గుంటలో నీళ్ళు నిలబడి ఊక పైకి తేలుతోంది, కుండ చల్లబడిపోయింది. నాయన చర్చి పనిమీద నంద్యాల పోయి అక్కడే చిక్కుకుపోయాడు. ఏడాదైనా నిండని మా తమ్ముడికి రొమ్ము పడిసెం పట్టి, ఊపిరి తీస్తే డొక్కలు ఎగరేస్తున్నాడు, పాలు నోట్లో పోస్తే చల్లగా ఉన్నాయని ఉమ్మేస్తున్నాడు. గుడ్డ వేడిచేసి కాపడం పెట్టాలి, పాలు వెచ్చచేయాలి, నిప్పు లేదు. అమ్మ వాణ్ని భుజాన వేసుకుని వసారాలోకి వచ్చి, ‘మామా, నేను అంటిస్తా’ అంది. తాత సరేననలేదు, వద్దనలేదు. ఆయన చేతిలో బైబిలు తెరిచి ఉంది, పేజీ మాత్రం తిరగడం లేదు. అవ్వ వానలోనే గోడ దగ్గరికి పోయి, కోడిపెట్ట కూడా లేని పెరట్లో నిలబడి, ‘పాలు మంచులాగుండాయి’ అంది. కాసేపాగి, ‘పిల్లోడు తాగలేకుండాడు’ అని కూడా అంది. గోడకు ఆవల నుంచి వాన చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

అమ్మ పొయ్యి అంటిస్తే దేవుడికి కోపం వస్తుంది, అంటించకపోతే తమ్ముడు చచ్చిపోతాడు. నా బుర్రలో ఉన్నది ఇంతే. నాగమ్మత్త వస్తే తప్ప దారి లేదు, ఆమెను రావద్దన్నారు. వంటింటి వెనక తలుపు దగ్గర కూర్చుని నేను ఆ గోడనే చూస్తున్నాను. అమ్మ అగ్గిపెట్టె కోసం గూట్లో చెయ్యి పెట్టింది.

అప్పుడు గోడమీద ఒక కాలు కనబడింది. గోనెసంచి మడిచి తలమీద కప్పుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, ఒక చేత్తో మూకుళ్ళు పట్టుకుని, నాగమ్మత్త బండముక్కలు దొర్లించుకుంటూ ఇవతలికి దిగింది. బురదకాళ్ళతోనే వచ్చి పొయ్యి ముందు కూర్చుని నిప్పులు ఊదింది. పాలు కాగాయి, గుడ్డ వేడెక్కింది, తమ్ముడు గుటక వేసి కక్కకుండా మింగాడు. అవ్వ ఏడుస్తూనే, ‘మీ ఆయన వద్దన్యాడు గదమ్మా’ అంది.

‘గడప తొక్కొద్దన్యాడు. తొక్కలే గదా, గోడెక్కొచ్చినా’ అంది నాగమ్మత్త, పొగకు కళ్ళు తుడుచుకుంటూ.

అవ్వ నవ్వు ఆపుకోలేక దగ్గింది. తాత వసారాలోంచి లేచి వంటింటి దాకా వచ్చాడు, ఆదివారం పూట పొయ్యి మండుతుండగా ఆయన అక్కడికి రావడం అదే మొదలు. ‘కూచోమ్మా’ అన్నాడు. ఆమె ‘ఆయన లేసేలోగా పోవల్ల అయివారూ’ అని, అవ్వ ఇచ్చిన మంచినీళ్ళు గటగటా తాగి, వచ్చిన దారినే గోడెక్కి పోయింది. నీళ్ళు తాగిన సంగతి ఆమె గమనించిందో లేదో గాని మేమంతా గమనించాం. సోమవారం తాత బేల్దారిని పిలిపించి, తానే మిద్దెక్కి దగ్గరుండి, గొట్టాన్ని వీధివైపు తిప్పించాడు.

తర్వాత ఎన్నేళ్ళకో నంద్యాలలో డిగ్రీ చదువుతూ, కాలేజీ లైబ్రరీలో అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే ఒక ముసలామె జ్ఞాపకాలు కంటబడ్డాయి. పోలండులో చిన్న ఊరు, యూదుల ఇల్లు. శుక్రవారం పొద్దు వాలకముందే చిక్కుళ్ళూ మాంసమూ కుండలో పెట్టి రొట్టెల పొయ్యిలో దాచడం, శనివారం నిప్పు ముట్టకపోవడం, పొరుగింటి క్రైస్తవురాలు వచ్చి పొయ్యి అంటించడం. ఆమెను అంటించమని అడగకూడదట, ఇవాళ చలి ఎక్కువగా ఉందే అని మాత్రం అనవచ్చట. నేను లైబ్రరీలో పైకే నవ్వేశాను, అందరూ తిరిగి చూశారు. వీళ్ళు పటంలో అయిపోలేదు, మా అవ్వలాగా గోడ దగ్గర నిలబడి ఉన్నారు. నవ్వుతూనే పేజీ తిప్పాను. తర్వాతి పేజీలో యుద్ధం వచ్చింది, జర్మను సైనికులు వచ్చారు, ఆ పొరుగింటామె ఇక రాలేదు. నా నవ్వు ఆగిపోయింది. ఆమె ఎందుకు రాలేదన్న ఒక్క ప్రశ్న పట్టుకుని నేను ఆళ్ళగడ్డ నుంచి బయల్దేరాను.

ఢిల్లీలో పరిశోధనకు ఇంటర్వ్యూ చేసిన పెద్దలు, ‘మీ ఊళ్ళో ఒక్క యూదుడైనా ఉన్నాడా?’ అని అడిగారు. లేరు గాని కుండ ఉంది, గోడ ఉంది అని చెప్పడం మొదలుపెట్టి గోనెసంచి దాకా చెప్పాను. సీటు ఇచ్చారు. జర్మను నేర్చుకున్నాను, హీబ్రూ నేర్చుకున్నాను, ఆ ముసలమ్మలు ఇంట్లో మాట్లాడుకునే యిద్దిషు నేర్చుకున్నాను. చలిదేశాల చిన్న ఊళ్ళలో తిరిగి ఎవరి పొరుగువాళ్ళు వచ్చారో, ఎవరు తలుపు వేసుకున్నారో అడిగి రాసుకున్నాను. హైదరాబాదులో ఏళ్ళ తరబడి అదే పాఠం చెప్పాను. ఇష్టమైన పని దొరికింది, దిగులు పుట్టించే పనే అయినా తృప్తిగా చేశాను. మొదటి పుస్తకం తెచ్చి తాత చేతిలో పెడితే, తిరగేసి, ‘వాళ్ళకు శనివారం, మనకు ఆదివారం, అంతే గదా తేడా’ అన్నాడు. నాకు ఏ విమర్శకుడూ అంత సంతోషం ఇవ్వలేదు.

పోయిన ఆదివారం ఊక వాసన ఉండబట్టలేనంతగా వేస్తే ఆళ్ళగడ్డ బస్సెక్కాను. మా మిద్దె లేదు, అక్కడ టైల్సు అమ్మే కొట్టు ఉంది. పెరడు లేదు, గుంట లేదు. అలాంటి కుండ చేసేవాళ్ళు లేరు, ఆదివారాన్ని అంత గట్టిగా పట్టుకునేవాళ్ళు మా చర్చిలోనే లేరు. నాగమ్మత్త ఇల్లు మాత్రం పైన ఇంకో అంతస్తు వేసుకుని ఉంది. కొడుకూ కోడలూ అంగడి తెరవడానికి పోయారట, ఆమె వంటింటి పక్కనే మంచం మీద కూర్చుని ఉంది. చేతులు బాగా వణుకుతున్నాయి.

‘ఏమ్మే ఎస్తేరూ, ఆ ఊర్ల కథ రాస్తాండావంటివే, అయిపాయనా?’ అని అడిగింది.

అయిపోయిందన్నాను. కొన్ని ఊళ్ళలో పక్కింటివాళ్ళు వచ్చారని, ప్రాణాలకు తెగించి యూదుల్ని ఇళ్ళలో దాచుకున్నారని, చాలా ఊళ్ళలో రాలేదని, ఎవరో వద్దన్నారని ఆగిపోయినవాళ్ళే ఎక్కువని చెప్పాను.

‘వాళ్ళ ఇండ్లకు పెరడు లేకుండెనా?’ అంది.

నాకు ఏడుపు వచ్చింది, ఆమెకు కనబడకుండా తల తిప్పుకున్నాను. ఆమె కూడా నా వైపు చూడటం లేదు, వంటింటి గట్టు మీది స్టీలు గిన్నెను చూస్తోంది.

‘చేతులు వణుకుతాండాయని స్టవ్వు ముట్టొద్దన్యాడు మావోడు’ అంది. తర్వాత, గోడకు చెబుతున్నట్టు, ‘పాలు మంచులాగుండాయి’ అంది.

ఆదివారం పూట, తాత మనవరాలినై ఉండి, నేను లేచి వెళ్ళి ఆమె స్టవ్వు వెలిగించాను.