పొయ్యి దగ్గర్నుంచి టీవీ

మా డబ్బా టీవీ ఒక్కసారిగా పోలేదు. వయసులో పెద్దది కాబట్టి విడతలవారీగా పోయింది. ముందు బొమ్మంతా కుంచించుకుపోయి తెర నడుమ ఒక తెల్ల గీత మిగిలింది. తర్వాత గీత కూడా పోయి మాట మాత్రం మిగిలింది. పది రోజులు దాన్ని రేడియోలా విన్నాం. ఆమదాలవలసలో మా వీధివాళ్లంతా గోడలకి పల్చటి టీవీలు తగిలించుకున్నాక కూడా మేం ఆ డబ్బాతోనే ఉండిపోవడానికి కారణం పొదుపని బయట చెప్పేవాణ్ణి. అసలు సంగతేమిటంటే, దాన్ని బల్ల మీంచి దింపడానికి నలుగురు మనుషులు కావాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరం.

కొత్తది ఎంచే బాధ్యత నేనే తీసుకున్నాను. డిగ్రీలో ఫిజిక్సు చదివినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని బయటివాళ్ల సలహా అడగడం బాగుండదు కదా. నాలుగు రోజులు కూర్చుని కంప్యూటర్లో ఒక పట్టిక తయారు చేశాను. మొత్తం పద్నాలుగు గడులు. అంగుళాలు, స్పీకర్ల బలం, వారంటీ, కరెంటు ఖర్చు వగైరా. రిమోట్ బరువుకి కూడా ఒక గడి పెట్టాను, ఎందుకో ఇప్పుడు గుర్తు లేదు. ధర పాతిక వేలు దాటకూడదన్నది మా ఆవిడ పెట్టిన హద్దు. ఇలాంటి వాటి మీద మా ఇంట్లో చర్చలు జరగవు.

పట్టిక అచ్చు తీసి వంటింట్లోకి పట్టుకెళ్లాను. ఆవిడ పోపు వేస్తూనే ఒకసారి చూసింది.

"బాగానే ఉన్నాది. పొయ్యి దగ్గరకి కనిపిస్తాదేటి?"

"ఏది?"

"టీవీయేనండీ. మరేటనుకున్నారు, సెందమావా?"

పద్నాలుగు గడుల్లో ఈ ప్రశ్నకి జాగా లేదు.

మా హాలుకి ఉన్నవి నాలుగే గోడలు. ఒకదానికి వీధి తలుపు, ఒకదానికి కిటికీ, ఒకదానికి దేవుడి గూడు. మిగిలిన గోడకి టీవీ. ఆ గోడకి వారగా వంటింటి గుమ్మం ఉంటుంది, గుమ్మానికి సూటిగా లోపల గ్యాసు పొయ్యి. పొయ్యి దగ్గర నిలబడి మెడ కొంచెం తిప్పితే టీవీ బాగా ఏటవాలుగా కనబడుతుంది. డబ్బా టీవీతో దీనికి ఇబ్బంది లేకపోయింది. దాని ఉబ్బిన అద్దంలో ఎటునుంచి చూసినా రంగులు ఒకేలా ఉండేవి. ఎదురింటాయన తన అరుగు మీద కూర్చుని మా టీవీలోనే వార్తలు చూసేవాడు.

అప్పుడు నాకొక విషయం తట్టింది. మా ఆవిడ పదకొండేళ్లుగా రాత్రి ఏడింటి సీరియల్ చూస్తోంది. ఒక్కనాడూ కూర్చుని చూడలేదు. ఏడింటికి మా ఇంట్లో చపాతీలు. నేను సోఫాలో కూర్చుని తింటూ ఆ సీరియల్ని వెటకారం చేసేవాణ్ణి. ఆవిడ లోపల్నుంచి, "మాటలు వినబడ్డం లేదు, కాసేపు ఊరుకోండి" అనేది. ఎవరు ఎక్కడ ఉన్నారో ఆలోచించే అవసరం నాకెప్పుడూ రాలేదు.

"అన్నీ కనిపిస్తాయిలే" అన్నాను, ఫిజిక్సు తరఫున.

"కనిపించవు. పక్కింటోళ్లు కొన్నారు కదా, వాళ్ల వంటింట్లో నిలబడి సూశాను. మనుషులంతా బూడిదలో పొర్లినట్టున్నారు."

ఆదివారం కోటబొమ్మాళి నుంచి మా బావమరిది రైల్లో దిగాడు. నేనూ మా ఆవిడా స్టేషన్‌కే ఎదురెళ్లాం. వాడికి తెలియని విషయం లేదు. ఆ తెలివంతా వాడు ఎదుటివాడి డబ్బు మీదే చూపిస్తాడు. స్టేషన్ బయటే నా పట్టిక తీసుకుని, మడిచి, దాంతో విసురుకుంటూ, "బావా, నలభై మూడు అంగుళాలకి తగ్గితే దాన్ని మరి టీవీ అనకూడదు" అన్నాడు. ముగ్గురం ఆటో ఎక్కి శ్రీకాకుళం వెళ్లాం.

షోరూములో గోడ నిండా టీవీలు. అన్నింట్లోనూ ఒకటే నారింజ రంగు చేప అటూ ఇటూ ఈదుతోంది. నడివయసు సేల్స్‌మన్ ఒకాయన ఎదురొచ్చి, పాతిక వేల లోపల నలభై మూడు అంగుళాలది చూపించాడు. నిజం చెప్పాలి, చేప మహా గొప్పగా ఉంది. పొలుసులు లెక్కపెట్టొచ్చు. బావమరిది వెనక్కి నాలుగడుగులు వేసి, కళ్లు సగం మూసి, తల ఊపాడు. వాడు తల ఊపితే బేరం అయిపోయినట్టే.

ఇంతలో చూస్తే మా ఆవిడ పక్కన లేదు. టీవీ కింద మొదలుపెట్టి, గోడకి కొంచెం ఎడంగా అడుగులో అడుగు వేసుకుంటూ పక్కకి నడుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. పదమూడు అడుగుల దగ్గర ఒక వాషింగ్ మెషీన్ అడ్డొచ్చింది. దాని వెనక్కి వెళ్లి, మూత మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"అక్కా, టీవీ ఇటున్నాది" అన్నాడు తమ్ముడు.

"నాకు తెల్సురా. పొయ్యి ఇటున్నాది."

"అమ్మా, అది వాషింగ్ మెషీనండి" అన్నాడు సేల్స్‌మన్, మర్యాదగా.

ఆవిడ పట్టించుకోలేదు. లేని కర్రతో లేని చపాతీ ఒకటి వత్తి, మెడ కొంచెం తిప్పి టీవీ వైపు చూసింది. "ఆ సేప తీసీండి బాబూ. సేపని సూసుకుంటూ కూకుంటానా నాను? మనిషి మొహం ఎట్టండి."

సేల్స్‌మన్ ఏదో సీరియల్ పెట్టాడు. ఒకావిడ ఏడుస్తోంది.

"సూడండి" అంది మా ఆవిడ నాతో.

వెళ్లి పక్కన నిలబడ్డాను. ఎదురుగా చూసినప్పుడు ఎర్రగా ఉన్న ఆ ఏడ్చే ఆవిడ చీర ఇక్కడికొచ్చేసరికి ఉతికి ఉతికి వెలిసిన తువ్వాలులా ఉంది. మొహానికి విభూతి పూసినట్టుంది. "మరీ అంత ఘోరంగా ఏం లేదు" అన్నాను.

"ఊరికే నిలబడి సూత్తే తెలవదు. చపాతీ మీద ఒక కన్ను ఉండాల."

చపాతీ మీద ఒక కన్ను ఉంచాను. ఏడుస్తున్నది ఆవిడో, ఆయనో కూడా తెలియలేదు.

బావమరిది చివరి ప్రయత్నం చేశాడు. "అక్కా, ఇంత పెద్ద టీవీని ఒగ్గుకుంటామేటి? పనైపోనాక ఎదురుగా కూకుని సూసుకో."

"ఏ పని అయిపోనాకరా? పనయ్యేసరికి సీరియల్ అయిపోద్ది."

సేల్స్‌మన్ కూడా వచ్చి వాషింగ్ మెషీన్ వెనక నిలబడ్డాడు. ఎనిమిదేళ్లుగా టీవీలు అమ్ముతున్నాడట. కాసేపు చూసి, "ఇటేపు నుంచి నానెప్పుడూ సూడలేదండి" అన్నాడు, కొంచెం గొంతు తగ్గించి.

ఆ తర్వాత అన్నీ అక్కడ్నుంచే చూశాం. ఆయన ఒక్కో టీవీలో మనిషిని పెట్టడం, మేం వరసగా మెడలు తిప్పడం. ఫ్రిజ్ కొనడానికొచ్చిన ఒక పెద్దావిడ కూడా మాలో చేరి, "మా ఇంటికాడా ఇదే గోల" అంటూ నిలబడింది. చివరికి ఒకదాంట్లో చీర ఎటునుంచి చూసినా ఎర్రగానే ఉంది. ముప్పై రెండు అంగుళాలు. ధర దగ్గర దగ్గర ఆ పెద్దదాని ధరే.

"సిన్నది కదండీ. మీకు క్రికెట్టు స్కోరు అగుపడదేమో" అంది మా ఆవిడ నెమ్మదిగా. వద్దంటే ఊరుకునేట్టే ఉంది. నేను పెద్ద చేపని ఇంకొకసారి చూసుకుని, ముప్పై రెండుకే బిల్లు వెయ్యమన్నాను. బావమరిది నాతో ఆమదాలవలస దాకా మాట్లాడలేదు. ఆటో ప్రయాణం హాయిగా సాగింది.

మర్నాడు గోడకి బిగించారు. రాత్రి ఏడింటికి పిండి ముద్ద పక్కన పెట్టుకుని ఆవిడ మెడ తిప్పింది.

"కనిపిస్తోందా?" అన్నాను.

"ఊఁ" అంది. చపాతీ ఒకటి వత్తి, "ఆ కోడలు కట్టింది పచ్చసీరటండీ. పాతదాంట్లో నీలం అనుకున్నాను" అంది.

నాకు స్కోరు అగుపడటం లేదు. పక్కవాళ్లని అడిగి తెలుసుకుంటున్నాను.

వారం గడిచాక, ఎక్కడో లోపల గుచ్చుకుంటూనే ఉందేమో, ఒకరోజు ఏడింటికి వంటింట్లోకి వెళ్లి చపాతీ కర్ర పుచ్చుకున్నాను. "నువ్వెళ్లి సోఫాలో కూర్చుని చూడు. ఈ పూట నేను చేస్తాను."

నమ్మలేనట్టు చూసి వెళ్లింది. సోఫా అంచున, బస్సు కోసం ఎదురు చూసేవాళ్లలా కూర్చుంది. నేను ఒకటి వత్తాను. అది చపాతీయేనని నాకు తెలుసు. రెండోది వత్తుతుండగా హాల్లోంచి గొంతు వినబడింది.

"ఏటండీ, ఈ అత్తగారి మొహం ఇంత ఎడల్పేటి?"

"ఆవిడ మొహం అంతేనే."

"కాదు. సన్నగా, కోలగా ఉండేది. ఇదెవరో ఇంకోరిలాగున్నాది. ఆ కోడలూ అంతే. అందరూ లావైపోనారు."

రెండు నిమిషాలు ఓర్చుకుంది. తర్వాత లేచి వచ్చి, నన్ను మోచేత్తో జరిపి, కర్ర అందుకుంది. నేను వత్తిన దాన్ని ఒకసారి చూసి, మళ్లీ ఉండ చేసింది. కొత్తగా వత్తుతూ టీవీ వైపు వారగా మెడ తిప్పింది.

"ఆఁ, ఇప్పుడు మనిషిలాగున్నాది" అంది.