బ్యాగుకూ ఒక దోశ

నేతి దోశ అంచు విరిగినప్పుడు చిన్న చప్పుడొకటి వస్తుంది. తిరుపతి బస్టాండు దగ్గరి ఈ హోటల్లో, కొండెక్కబోయే జుట్లూ కొండ దిగివచ్చిన గుండ్లూ కలిసి చేసే ఇంత గోలలోనూ అది నాకు వినబడుతుంది. విన్నప్పుడల్లా దమయంతి మేడమ్ గుర్తొస్తారు. ఎందుకంటే చాలాకాలం దాకా దోశకు చప్పుడుంటుందనే నాకు తెలియదు. నేను తిన్నవన్నీ పార్సిల్ దోశలు.

మాది నగరి. మగ్గాల ఇల్లు. అందరం వరసగా కూర్చుని తినేవాళ్ళం. మా ఇంట్లో ఒంటరిగా తినేది జ్వరమొచ్చినవాళ్ళే. అందుకేనేమో, రేణిగుంటలో మందుల గోడౌన్‌లో ఉద్యోగమొచ్చి తిరుపతి హాస్టల్లో చేరాక, హోటల్లో ఒక్కదాన్నే కూర్చోవాలంటే నాకు ఒళ్ళు వెచ్చబడేది. ‘పాపం, ఈ పిల్లకు ఎవరూ లేరు కాబోలు’ అని హాలంతా అనుకుంటున్నట్టుండేది. కౌంటర్ దగ్గరే "పార్సిల్" అనేసేదాన్ని. గది చేరేసరికి ఆ దోశ తడిసిన తువ్వాలయ్యేది. తిండి ఒంటబట్టాలంటే ముందు ఒంటరితనం ఒంటబట్టాలని అప్పటికి తెలియదు.

దమయంతి మేడమ్ మా గోడౌన్ మేనేజరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటే చాలు, లారీ డ్రైవర్లు హారన్ మీంచి చెయ్యి తీసేవాళ్ళు. ఒకరోజు నన్ను పిలిచి, "చిత్తూరు, పలమనేరు, మదనపల్లి... ఊళ్ళు తిరిగి షాపుల ఆర్డర్లు సూసే పని ఉండాది. పోతావా మే?" అన్నారు. చేరినప్పటినుంచీ నేను కోరుకుంటున్న పని అది. కానీ నాకు కళ్ళ ముందు ఊళ్ళు కనబడలేదు, ఆ ఊళ్ళలో మధ్యాహ్నాలు కనబడ్డాయి. "ఆలోచించి చెప్తాను మేడమ్" అన్నాను.

"నెలాఖరులోగా చెప్పు. లేకుంటే ఇంకొకరిని సూసుకోవాల."

ఆ ఆదివారం ధైర్యం చేసి ఇదే హోటల్లోకి వచ్చి కూర్చున్నాను. సర్వర్ "ఒక్కరేనామ్మా?" అన్నాడు. నా నోరు నన్నడక్కుండానే "ఇంకొకరు వస్తారు" అంది. ఎదుటి కుర్చీలో బ్యాగు పెట్టాను. అతనెంత మంచివాడంటే, రాని మనిషికి కూడా నీళ్ళు పెట్టాడు. మాటిమాటికీ వచ్చి "ఇంకా రాలేదామ్మా?" అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. కుర్చీల కోసం వెనక నిలబడ్డ గుండ్ల కుటుంబం కూడా గుమ్మం వైపు చూడసాగింది. అందరినీ నిరాశపెట్టలేక రెండు దోశలు చెప్పేశాను. రెండోది చల్లారుతుండగా తెలిసిన గొంతొకటి వినబడింది.

"ఏం మే, బ్యాగుకు కూడా దోశ చెప్పినావా?"

దమయంతి మేడమ్! మూల టేబుల్ దగ్గర ఒక్కరే తిని, చెయ్యి కడుక్కుని వస్తున్నారు. అబద్ధమేదో వెతుక్కున్నాను, దొరకలేదు. "ఒక్కదాన్నే తినాలంటే భయం మేడమ్. ఆ పనికి ఊఁ అనలేకపోయింది కూడా అందుకే" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. ఆవిడ బ్యాగు తీసి నా ఒళ్ళో పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నారు. "మా ఆయన పోయినాక నేను హోటల్ గడప తొక్కలా. కాఫీ కూడా ఫ్లాస్కులో తెప్పించుకుంటా ఉంటి, అందరూ నన్నే సూస్తారని. ఒకరోజు తెగించి వచ్చి నేనే అందర్నీ సూసినా. ఒక్కడన్నా ప్లేట్లోంచి తలెత్తితే కదా!"

మర్నాడు ఆఫీసయ్యాక నన్ను ఇక్కడికే తీసుకొచ్చారు. తోడు దొరికిందని సంబరంగా ఆవిడ ఎదురుగా కూర్చోబోయాను.

"ఈడ కాదు. నువ్వు ఆ టేబుల్."

అలా ఇద్దరం కలిసి ఒంటరిగా తిన్నాం. వచ్చిన ప్రతిసారీ ఆవిడ టేబుల్ కొంచెం దూరం జరిగేది. ఒకసారి స్తంభం అవతలికి పోయారు. ఇంకోసారి కాఫీ తాగేసి, బయట సోడా బండి దగ్గర నిలబడ్డారు. ఒక సాయంత్రం తలెత్తి చూస్తే అక్కడా లేరు. ప్లేట్లో ఇంకా సగం దోశ ఉంది. గుండె దడదడలాడింది, దోశ కరకరలాడింది. రెండూ వింటూ మొత్తం తిన్నాను. నెలాఖరు రాకముందే "పోతాను మేడమ్" అన్నాను.

చిత్తూరులో మొదటి మధ్యాహ్నం సర్వర్ "ఇంకెవరన్నా వస్తారా?" అన్నాడు. "ఎవరూ రారు. నేనొక్కదాన్నే!" అన్నాను. గొంతు కాస్త పెరిగినట్టుంది. పక్క టేబుల్ పెద్దాయన తలెత్తి చూసి, మళ్ళీ సాంబార్లోకి దిగిపోయాడు. దోశ రాగానే మేడమ్‌కు ఫోన్ చేశాను.

"తిన్నావా మే?"

"తింటున్నాను మేడమ్."

"బ్యాగు యాడుంది?"

"ఒళ్ళోనే."

"సరే, ఫోన్ పెట్టేయ్. దోశ మెత్తబడిపోతాది."

మేడమ్ రిటైరై ఇప్పుడు పుత్తూరులో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. నేను ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాను. ఏ ఊళ్ళో ఏ హోటల్ చట్నీ బాగుంటుందో అడిగితే, ఆర్డర్ల కంటే త్వరగా చెప్పగలను. ఇవాళ నేను దోశ అంచు విరుస్తుంటే, లడ్డూ సంచీ పట్టుకున్న ఒక అవ్వ వచ్చి నిలబడింది. "ఈ కుర్చీలోకి ఎవరన్నా వస్తారా తల్లీ?"

"ఎవరూ రారవ్వా, కూర్చో."

అవ్వ కూర్చుందో లేదో, సర్వర్ వచ్చి "ఒక్కరేనా అవ్వా?" అన్నాడు. ఆమె తడబడి గుమ్మం వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"ఇద్దరం ఒక్కొక్కరమే బాబూ" అన్నాను. "అవ్వకేం కావాలో అడుగు."

అవ్వ గుమ్మం మీంచి చూపు తిప్పుకుని, నా ప్లేటు వైపు చూసింది. "అదేదో చప్పుడవుతా ఉండాదే, నాకూ అదే తే నాయనా" అంది.