అరిగిన గంధపు కత్తి

నాయన పెనుకొండలో ఒక ఆఫీసులో టపా గుమాస్తా. ఆఫీసుకొచ్చే కవర్లన్నీ చించి, ముద్రేసి, ఏ బల్లకు పోవల్సింది ఆ బల్లకు చేర్చడమే ఆయన పని. రిటైరైన రోజు తోటివాళ్లు గంధపుచెక్కతో చేసిన జానెడు కత్తి ఇచ్చి పంపించినారు, కవర్లు కోసుకోమని. అమ్మ దాన్ని చూసి పడీపడీ నవ్వింది. "ఇప్పుడెవురు రాస్తారప్పా నీకు జాబులు? అంతా ఫోన్లేనాయె!"

నిజమే. బ్యాంకు కవరు, ఎప్పుడన్నా ఒక పెండ్లిపత్రిక, అంతే. అవి కూడా లేనప్పుడు నాయన కోత సరిగా పడని పుస్తకాల్లో అతుక్కున్న పేజీలు విడదీసేవాడు. ఒక్క అంచు చిరగనిచ్చేవాడు కాదు. అంత మురిపెం ఆ కత్తంటే.

అమ్మ లెక్క వేరు. ఇంట్లో గంధపుచెక్క పెట్టుకుని అంగట్లో గంధం కొంటారా యాడన్నా? నాయనకు తలనొప్పొస్తే చాలు, కత్తిని తీసుకుపోయి సానరాయి మీద రెండు చుక్కల నీళ్లేసి అరగదీసేది. "అయ్యో, మొన పోయెనే!" అని నాయన లబలబలాడేవాడు. "తలనొప్పి నీదే కదా, కండ్లు మూసుకుని పండుకో" అని నుదుటికి పట్టేసేది. ఆయన నోరు మూసుకుని పండుకునేవాడు. అమ్మది ఎడమచేతి వాటం. కత్తి మొన ఒకపక్కకే, ఏటవాలుగా, నున్నగా అరిగిపోయింది. ఇంగ దాంతో కాగితం తెగేది కాదు.

పోయినేడాది అమ్మ పోయింది. నాయనను హిందూపురంలో మా ఇంటికి తెచ్చుకున్నా. కవరొస్తే వేళ్లతోనే చించేవాడు. కత్తి మాత్రం ఎప్పుడూ చేతిలోనే. అమ్మ అరగదీసిన చోట బొటనవేలు పెట్టి, అట్లే రుద్దుకుంటా కూర్చునేవాడు.

ధర్మవరంలో చీరలంగడి పెట్టుకున్న నా తమ్మునికి ఈ సంగతి తెలీదు. ఒకసారి వచ్చినప్పుడు, నాయన వేళ్లతో కవరు చించడం చూసి మనసు కష్టపెట్టుకున్నాడు. నాయన పండుకున్నంక, ఎవురికీ చెప్పకుండా కత్తి తీసుకుపోయినాడు. పొద్దున నాయన లేచి, మంచం కింద, బీరువా వెనక, ఇల్లంతా వెతికినాడు. ఆదివారం తమ్ముడు నవ్వుకుంటా వచ్చి ఆయన చేతిలో పెట్టినాడు. "మగ్గాలు చేసే వడ్లాయనతో చెక్కిచ్చినా నాయనా. మొన చూడు, కొత్తదాని మాదిరి ఎట్లుండాదో!"

నాయన బొటనవేలు అలవాటుగా ఆ అరిగిన చోటికి పోయింది. ఆడ ఏమీ లేదు. ఎంత పని చేస్తివిరా అని అరిచేదాన్నే, వాని మొగంలో సంతోషం చూసి నోరు రాలేదు.

"బాగుండాదప్పా" అన్నాడు నాయన. మెల్లగా అడిగినాడు. "ఆ చెక్కిన పొట్టు యాడేసినాడు?"

"పొట్టా? ఊడ్చి పారేసింటాడు నాయనా. దాంతో ఏం పని?"

"ఏం లేదులే" అన్నాడు నాయన. కత్తిని వాని చేతికే తిరిగిచ్చినాడు.

"ఇప్పుడు బాగా తెగుతుంది గదా, నువ్వే పెట్టుకోప్పా. నీ అంగడికి కవర్లొస్తాంటాయి."